కాకి జాడ – ఖాళీ రోజు



ఇంటి మీద కాకి అరిస్తే చుట్టాలు వస్తారు అంటాం. మరి చేను మీద కాకి అరిస్తే? కర్ర పట్టుకుని పరుగెడతాం. మనం చేరేలోపు కాకి ఎగిరిపోతుంది. మనం ఇంటికి రాగానే మళ్ళీ వాలుతుంది. ఇలా ఎన్నిసార్లు తిరిగారో మీకే తెలుసు.

ఈ పాఠం కాకుల కాపలా గురించి. ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, కాకి జాడ ఎలా చూడాలి? రెండు, కాకి రాని రోజున ఏం చేయాలి? రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. అందుకే నష్టం జరిగింది. ఆ కథ చెబుతాను.

మొలక పోయింది

అరకు లోయ పక్కన కొండ మీద ఒక చిన్న ఊరు. అక్కడ రాత్రి పూట చదువు చెప్పేవాణ్ణి. చదువుకోవడానికి వచ్చేవాళ్ళలో ఒక అక్క ఉండేది. పేరు రాయడం వచ్చింది. చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదివేది.

తొలకరి పడగానే అక్క, బావ అర ఎకరంలో మొక్కజొన్న వేశారు. ఆరో రోజుకి మొలక వచ్చింది. ఏడో రోజు పొద్దున్న వెళ్ళి చూస్తే రెండు సాళ్ళు ఖాళీ. మొలకలు పీకి పడేసి ఉన్నాయి. కింద ఉన్న గింజ మాత్రం లేదు.

కాకికి మొలక అక్కర్లేదు. గింజ కావాలి. మొలక పట్టుకుని లాగితే గింజ పైకి వస్తుంది. నానిన గింజ మెత్తగా, తియ్యగా ఉంటుంది. వేరు గట్టిపడి, గింజలో సత్తువ మొక్కకు ఎక్కేదాకా ఈ బాధ తప్పదు. అంటే మొలక వచ్చాక సుమారు 10 నుంచి 15 రోజులు కాపలా ఉండాలి. తరవాత పొత్తు పాలు పోసుకునేటప్పుడు మళ్ళీ ఉండాలి. అప్పుడు కాకి, చిలక రెండూ వస్తాయి.

ఆ రాత్రి అక్క చదువుకి ఆలస్యంగా వచ్చింది. పలక ముట్టలేదు.

"ఏటి చెయ్యమంటారు మాష్టారూ? రేపు మిగతాది కూడా పోద్ది" అంది.

నాకు జవాబు తెలియలేదు. మా చదువుల గుడిసెకి ఒక ముసలి తాత కూడా వచ్చేవాడు. చదవడానికి కాదు, వినడానికి. వయసులో ఉన్నప్పుడు మంచి వేటగాడు. ఆయన అన్నాడు:

"కర్ర పట్టుకుని పరిగెడితే కాకి పోదమ్మా. ముందర జాడ సూడాల. ఏటకి కూడా అంతే."

వేటగాడి మాట

మన కొండల్లో చైత్ర మాసంలో ఇటుకల పండుగ చేస్తారు. విత్తనాలకు పూజ చేస్తారు. ఆడవాళ్ళు థింసా ఆడతారు. పూర్వం మగవాళ్ళు రోజుల తరబడి అడవికి వేటకు పోయేవారు. ఏమీ దొరక్కుండా వస్తే ఆడవాళ్ళు ఊరుకునేవారు కాదు. ఎగతాళి చేసేవారు, పేడ విసిరేవారు. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో కూడా ఈ సంగతి రాసి ఉంది.

తాత నవ్వుతూ చెప్పాడు: "ఆ పేడ నా మీద కూడా పడింది. ఎందుకంటావా? కుర్రతనంలో జాడ సూడకుండా పరిగెట్టేవోణ్ణి. ఒక రోజు ఏటీ దొరక్కపోతే కోపం వొచ్చి ఇంటికి వొచ్చేసేవోణ్ణి. మా అయ్య అలా కాదు. ఖాళీ రోజున కూడా అడవిలోనే కూకునీవోడు. ఈ రోజు జంతువు ఇక్కడ నేదంటే ఇంకెక్కడో ఉన్నట్టే కదా, అది తెలుసుకో అనీవోడు."

ఇప్పుడు అడవి జంతువులను వేటాడటం నేరం. 1972లోనే చట్టం వచ్చింది. కానీ వేటగాడి చూపు, వేటగాడి ఓపిక నేరం కాదు. వాటితో చేను కాచుకోవచ్చు.

జాడ చూడటం అంటే?

తాత మమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడిగాడు. మీరూ మీ చేను దగ్గర ఇవే అడగండి.

1. ఏ కాకి?

మన దగ్గర రెండు రకాల కాకులు ఉన్నాయి. ఒకటి ఊరకాకి. దీని మెడ బూడిద రంగులో ఉంటుంది. ఇళ్ళ దగ్గర, సంత దగ్గర తిరుగుతుంది. రెండోది బొంతకాకి. ఒళ్ళంతా నలుపు. కొంచెం పెద్దది, ముక్కు లావు. అడవి అంచున, ఊరి చివర కనిపిస్తుంది. కోడిపిల్లలను, గుడ్లను ఎత్తుకుపోవడంలో ఇది గట్టిది. ఏ కాకో తెలిస్తే ఎటునుంచి వస్తుందో సగం తెలిసినట్టే.

2. ఎక్కడి నుంచి?

కాకులు రాత్రి ఒకచోట గుంపుగా పడుకుంటాయి. సాయంత్రం చీకటి పడే ముందు ఆ చెట్టు వైపు పోతాయి. తెల్లారగానే అక్కడి నుంచే బయలుదేరతాయి. ఒక సాయంత్రం చేను గట్టు మీద కూర్చుని ఆకాశం చూడండి. ఎటు పోతున్నాయో పొద్దున్న అటునుంచే వస్తాయి.

3. ఎప్పుడు?

తెల్లవారిన వెంటనే కాకికి ఆకలి ఎక్కువ. మధ్యాహ్నం ఎండకు నీడలో ఉంటుంది. సాయంత్రం మళ్ళీ మేతకు దిగుతుంది. మనం ఎప్పుడు కాపలా ఉంటున్నాం? ఎండెక్కాక, అంబలి తాగాక. అంటే కాకి తిని వెళ్ళాక!

4. ముందు ఎక్కడ వాలుతుంది?

కాకి తిన్నగా చేలోకి దిగదు. ముందు ఒక ఎత్తయిన చోట వాలుతుంది. ఎండిన కొమ్మ, మంచె, కరెంటు తీగ, ఏదో ఒకటి. అక్కడి నుంచి నాలుగు వైపులా చూస్తుంది. మనిషి లేడని తెలిశాకే దిగుతుంది. ఆ వాలే చోటు కనిపెట్టాలి. మన కాపలా ఆ చోటికి దగ్గరగా ఉండాలి.

జాడ పుస్తకం

అక్క దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అక్షరాలు దిద్దడానికి ఇచ్చింది. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. "చూసింది ఇందులో రాయి అక్కా" అన్నాను. మొదట భయపడింది. తరవాత రాసింది. ఇలా:

మొదటి రోజు. ఉదయం 6. కాకులు 11. చింతచెట్టు వైపు నుంచి. ఎండు కొమ్మ మీద వాలాయి.

రెండో రోజు. ఉదయం 6. కాకులు 9. అదే కొమ్మ. సాయంత్రం 4. కాకులు 5.

మూడో రోజు. వాన. కాకులు 3.

నాలుగో రోజు. కాకులు లేవు.

అయిదో రోజు. కాకులు లేవు.

కొన్ని గుణింతాలు తప్పాయి. అయితేనేం? చదివితే అర్థమవుతోంది. అక్షరాలు పరీక్ష కోసమే కాదు, చేను కోసం కూడా.

మొదటి మూడు రోజులు కాపలా బాగా సాగింది. అక్క తెల్లవారక ముందే మంచె ఎక్కేది. ఖాళీ డబ్బా మోగించేది. వడిసెలలో మట్టి ఉండ పెట్టి ఎండు కొమ్మ వైపు విసిరేది. కాకికి తగలడానికి కాదు, బెదరడానికి. ఒక్క మొలకా పోలేదు.

ఖాళీ రోజు – నా తప్పు

నాలుగో రోజు కాకులు రాలేదు. అయిదో రోజు కూడా రాలేదు. మంచె మీద ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఇంట్లో పని ఉంటుంది. కట్టెలు తేవాలి. నీళ్ళు తేవాలి. ఊరికే కూర్చుందని నలుగురూ అంటారు.

అక్క నన్ను అడిగింది: "రెండు రోజులై ఒక్క కాకీ నేదు. రేపు సంత. ఎల్లమంటారా?"

నేను వెంటనే అనేశాను: "బెదిరి పోయినట్టున్నాయి అక్కా. వెళ్ళిరా."

తాతని అడగలేదు. పుస్తకం మళ్ళీ చూడలేదు. అదే నా తప్పు.

ఆరో రోజు పొద్దున్న అక్క సంతకి వెళ్ళింది. కాకులు దిగాయి. సాయంత్రం వచ్చి చూస్తే మూడు సాళ్ళలో మొలకలు లేవు. ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ తిండి తినలేదు. నేను వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాను.

కాకులు ఎక్కడికి పోయాయి?

తాత అడిగాడు: "ఆ రెండు రోజులూ పల్లంలో ఏటి జరిగిందో సూసారా?"

అప్పుడు గుర్తొచ్చింది. మూడో రోజు వాన పడింది. మర్నాడు కింద పల్లపు పొలాల్లో దుక్కి మొదలైంది. నాగలి వెనక మట్టి తిరగబడితే పురుగులు పైకి వస్తాయి. కాకులు, కొంగలు, గోరింకలు నాగలి వెనకే నడుస్తాయి. వాన పడ్డాక ఉసిళ్ళు కూడా లేస్తాయి. కాకికి అది విందు. దుక్కి రెండు రోజుల్లో అయిపోయింది. మేత అయిపోయింది. మళ్ళీ మన చేనుకి వచ్చాయి.

చూశారా? కాకులు బెదిరి పోలేదు. మేత ఉన్న చోటికి పోయాయి. ఆ మాట పుస్తకంలో రాసి ఉంటే, దుక్కి అయిపోయిన మర్నాడు అక్క సంతకి వెళ్ళేది కాదు. "కాకులు లేవు" అని రాసి ఆపేశాం. "కాకులు ఎక్కడ ఉన్నాయి" అని రాయలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కాకి మనిషిని గుర్తుపడుతుంది. ఇది తాత చెప్పిన మాట. శాస్త్రం తెలిసినవాళ్ళు కూడా ఇదే చెబుతున్నారు. అమెరికాలో సియాటిల్ అనే నగరం ఉంది. అక్కడ 2006లో కొందరు పరిశోధకులు ఒక ముసుగు వేసుకుని కాకులను పట్టుకున్నారు. వాటికి గుర్తులు కట్టి వదిలేశారు. తరవాత ఆ ముసుగుతో ఎవరు కనిపించినా కాకులు అరిచి గోల చేశాయి. ఏళ్ళు గడిచినా మరిచిపోలేదు. వేరే ముసుగు వేసుకుంటే పట్టించుకోలేదు. అవి మన కాకులకు దగ్గర చుట్టాలే.

మంచె మీద అక్క ఉందో లేదో మన కాకికి కూడా తెలుస్తుంది. అక్క సంతదారి పట్టడం ఎండు కొమ్మ మీద నుంచి చూసే ఉంటుంది!

ఎర్ర గుర్తు పొట్లం

కథ ఇంకా అయిపోలేదు. అసలు భయం ఇక్కడే ఉంది.

బావకి కోపం వచ్చింది. మర్నాడు ఎక్కడి నుంచో పురుగుమందు గుళికల పొట్లం తెచ్చాడు. ఉడికించిన జొన్న గింజల్లో కలిపి చేను గట్టు మీద చల్లుతానన్నాడు. "ఒక్క రోజుతో పీడ వొదిలిపోద్ది" అన్నాడు.

అక్క పొట్లం చేతిలోకి తీసుకుంది. దాని మీద పుర్రె బొమ్మ ఉంది. ఎర్ర రంగు త్రికోణం ఉంది. చిన్న అక్షరాలు ఉన్నాయి. అక్క వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది.

"వి... షం."

గుడిసెలో ఎవరూ మాట్లాడలేదు. ఆమె తనంతట తానే చదివిన మాట అది. నేను నేర్పిన మాట కాదు.

"మన కోళ్ళు గట్టు మీదే తిరుగుతాయి. పిల్లలు అక్కడే ఆడతారు. కింద ఊట గెడ్డ ఉంది. ఆ నీళ్ళే తాగుతాం" అంది బావతో.

బావ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత పొట్లం తీసుకుని వెళ్ళి, కొన్న చోటే తిరిగి ఇచ్చేశాడు.

అన్నలారా, ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. పురుగుమందు మీద ఉండే రంగు త్రికోణం ఒక భాష లాంటిది. ఎర్ర రంగు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. పసుపు దాని తరవాత. నీలం దాని తరవాత. ఆకుపచ్చ అంటే తక్కువ విషం. తక్కువే గానీ అదీ విషమే. ఫోరేట్ అనే గుళికల మందు వాడకాన్ని మన దేశంలో 2020 చివరి నుంచి పూర్తిగా నిషేధించారు. అంత ప్రమాదం కాబట్టే నిషేధించారు.

విషం కాకిని వెతుక్కుంటూ పోదు. ఆ గింజ ఎవరు తింటే వారిని చంపుతుంది. కోడి తింటే కోడి. పావురం తింటే పావురం. చచ్చిన పిట్టను కుక్క తింటే కుక్క. పిల్లవాడు నోట్లో పెట్టుకుంటే? మన ఊళ్ళ నుంచి డోలీ కట్టి రోడ్డు దాకా మోయాలి. తరవాత ఆసుపత్రికి పోవాలి. విషం అంతసేపు ఆగదు. ఎవరికైనా పొరపాటున విషం లోపలికి పోతే వెంటనే 108కి ఫోను చేయండి. మందు పొట్లం కూడా ఆసుపత్రికి తీసుకుపోండి. దాన్ని చూస్తే డాక్టరుకి ఏ విషమో తెలుస్తుంది.

చట్టం ఏమంటుంది?

1972 వన్యప్రాణుల రక్షణ చట్టంలో కొన్ని జాబితాలు ఉండేవి. అయిదో జాబితాలో హాని చేసే ప్రాణులు ఉండేవి. కాకి, ఎలుక అందులోనే ఉండేవి. వాటిని చంపినా తప్పు కాదనేవారు. 2022లో ఆ చట్టాన్ని మార్చారు. మారిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. హాని చేసే ప్రాణుల పాత జాబితా తీసేశారు. కాబట్టి "కాకిని చంపితే ఎవరడుగుతారు?" అనే పాత మాట ఇప్పుడు చెల్లదు. బెదిరించండి. తోలండి. చంపకండి.

కాకి చేసే మేలు కూడా ఉంది. దుక్కిలో వేరు పురుగులను తింటుంది. మిడతలను తింటుంది. చచ్చిన జంతువులను తిని ఊరు శుభ్రం చేస్తుంది. 2018లో మన దేశానికి కత్తెర పురుగు వచ్చింది. మొక్కజొన్న సుడిలో దూరి ఆకులు తినేస్తుంది. ఇలాంటి పురుగులను పిట్టలు ఏరుకుని తింటాయి. పిట్టలు వాలడానికి చేలో అడ్డకర్రలు కట్టిన గుంజలు పాతమని వ్యవసాయశాఖ వాళ్ళు చెబుతారు. అంటే మొలకప్పుడు తోలిన పిట్టనే మొక్క ఎదిగాక పిలుచుకోవాలి. పొత్తు పాలు పోసుకోగానే మళ్ళీ గుంజలు తీసేయాలి. కాపలా అంటే ఎప్పుడు తోలాలో, ఎప్పుడు పిలవాలో తెలియడం.

ఖాళీ రోజున చేసే పనులు

తాత, అక్క, నేను కూర్చుని ఈ పనులు రాసుకున్నాం.

1. కాపలా మానకూడదు. మనిషి మారవచ్చు. అక్క ఇంటికి పోతే బావ రావాలి. తెల్లవారినప్పుడు, సాయంత్రం మేత వేళ తప్పకుండా ఎవరో ఒకరు ఉండాలి.

2. కాకి ఎక్కడ ఉందో చూడాలి. దుక్కి దగ్గరా? సంత దగ్గరా? పండ్ల చెట్టు మీదా? అక్కడి మేత ఎప్పుడు అయిపోతుందో లెక్క వేయాలి. అది అయిపోయిన మర్నాడు జాగ్రత్త.

3. బెదురుబొమ్మ చోటు మార్చాలి. ఒకేచోట ఉంటే కాకి దాని తల మీదే వాలుతుంది. కాపలా మనిషి రోజూ కట్టుకునే పాత చీర గాని, తువ్వాలు గాని దానికి కట్టండి. రెండు రోజులకు ఒకసారి జరపండి.

4. మంచె కట్లు, వడిసెల తాడు బాగుచేసుకోవాలి. మెరిసే రిబ్బను గాని, పాత క్యాసెట్ టేపు గాని చేను అడ్డంగా లాగి కట్టండి. గాలికి మోగుతుంది, మెరుస్తుంది. పంట గట్టిపడగానే విప్పి తీసేయండి. పశువులు తింటే ప్రమాదం.

5. పోయిన మొలకల చోట వెంటనే మళ్ళీ గింజ పెట్టాలి. మూడు వేళ్ళ మందం లోతులో పెట్టి మట్టి గట్టిగా అదమాలి. పైపైన పెట్టిన గింజ కాకికి సులువు.

6. జాడ పుస్తకం రాయాలి. ఖాళీ రోజు పేజీ ఖాళీగా ఉండకూడదు.

అక్క ఆ మూడు సాళ్ళలో మళ్ళీ గింజ పెట్టింది. బావ, అక్క వంతుల వారీగా మంచె ఎక్కారు. ఆలస్యంగా మొలిచిన ఆ మూడు సాళ్ళు మిగతావాటి కన్నా పొట్టిగానే ఉండిపోయాయి. దారిన పోతూ వాటిని చూసినప్పుడల్లా నా మాటే నాకు గుర్తొచ్చేది. మిగతా చేను మాత్రం నిలబడింది. పొత్తులు కాల్చిన రోజున అక్క నాకు కూడా రెండు తెచ్చింది.

గుర్తుంచుకోండి

కాకిని తోలే ముందు కాకి జాడ చూడండి.
కాకి రాని రోజున అది ఎక్కడికి పోయిందో తెలుసుకోండి.
గింజల్లో విషం కలపకండి.
చచ్చిన కాకులు కనిపిస్తే ఒట్టి చేతులతో ముట్టుకోకండి. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్ లలో పక్షుల జబ్బుతో చాలా కాకులు చచ్చిపోయాయి. పశువుల ఆసుపత్రిలో చెప్పండి.

మాట్లాడుకోండి

1. మీ చేనుకి కాకులు ఎటునుంచి వస్తాయి? ముందు ఎక్కడ వాలుతాయి?
2. కాకులు రాని రెండు రోజులూ అక్క పుస్తకంలో ఇంకేం రాసి ఉండాల్సింది?
3. మీ ఊళ్ళో పురుగుమందు ఎక్కడ దాస్తున్నారు? పిల్లలకు అందుతుందా?

రాయండి

మీ జాడ పుస్తకంలో 5 రోజులు రాయండి: రోజు, వేళ, ఎన్ని కాకులు, ఎటునుంచి, ఏం తిన్నాయి. రాకపోతే, ఎక్కడ ఉన్నాయి?

కొత్త మాటలు చదవండి

జాడ – మంచె – వడిసెల – సాలు – దుక్కి – ఉసిళ్ళు – త్రికోణం – విషం – చట్టం – ఓపిక